దీనికి మొహం యాడుంది

ఫిబ్రవరి 9, ఆదివారం

విజయవాడ నుంచి మెసేజ్ వచ్చింది. పెద్ద స్టూడియో. వీడియో ఎడిటర్ కావాలంట. ఏం చదివావని అడగలేదు, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగలేదు. "మీరు చేసిన పనిలోంచి అయిదు నిమిషాలు పంపండి. నెలాఖరు లోపల పంపితే చూస్తాం" అన్నారు. అంతే. నాకూ అంతే కావాలి.

ఆ అయిదు నిమిషాలు తయారుగానే ఉన్నాయి. కోసి, అతికించి, రంగులు దిద్ది, చివర పేర్లు కూడా వేసి ఉన్నాయి. డ్రాయర్లో నల్ల హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. డిసెంబరు నుంచి దాన్ని ముట్టుకోలేదు. ఈ రోజు తీసి కంప్యూటర్‌కి పెట్టాను. లైటు వెలగలేదు. అరచేతిలో పట్టుకుని చూశాను. లోపల తిరుగుతుంటే సన్నగా వణకాలి. రాయిలాగా ఉంది.

ఇక్కడ నా పక్క కుర్చీలో పనిచేసిన షాహీన్ ఏదో చేసి పోయింది. చివరిసారి దాన్ని ముట్టుకున్నది తనే. తన పెళ్ళికి ముందు, వస్తువులు తీసుకుపోవటానికి మా ఈ చిన్న స్టూడియోకి వచ్చింది. తన మొహం చూడటం ఇష్టం లేక నేను టీ కొట్టుకు పోయాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఉండాల్సిన డిస్క్ డ్రాయర్లో ఉంది.

ఇద్దరం జీతాల్లోంచి తీసి కొన్న డిస్క్ అది. నాకు దక్కకూడదనుకుందేమో.

మాచర్ల కాపురానికి పోయినాక ఒక్క ఫోన్ లేదు.

ఫిబ్రవరి 10

కేబుల్ మార్చాను. పక్క నెట్ సెంటర్ వాళ్ళ కంప్యూటర్‌కి పెట్టి చూశాను. లేదు. షాహీన్ ఫోన్ కూడా లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

షాహీన్ కుర్చీ మీద యల్లమంద బాబాయ్ కెమెరా సంచులు పెట్టాడు. తీసి కింద పడేశాను. స్టూడియో ఆయనది, సంచులు ఆయనవి. అయినా పడేశాను.

"ఏందే, ఆ కుర్చీలో ఎవురన్నా కూచోనున్నారా?" అన్నాడు.

"కూచుంటారు."

"ఎవురు? దయ్యమా?"

"సంచులకి మేకు ఉంది గదా బాబాయ్. దానికి తగిలించుకో."

"నీకు ప్రసన్న అని పేరు పెట్టినోడు యాడున్నాడో గానీ, దొరికితే దండేసి దండం పెడతా" అని గొణుక్కుంటా సంచులు మేకుకు తగిలించాడు. మంచోడే. తిట్టినా జీతం కొయ్యడు. డిస్క్ సంగతి చెబితే, "గుంటూరులో బాగుచేసే వాళ్ళున్నారు, నీ రెండు నెల్ల జీతం అడుగుతారు. పారేసి మళ్ళీ చేసుకో" అన్నాడు.

మళ్ళీ చేసుకోవాలంట. ఇదేమన్నా పెళ్ళి వీడియోనా, గులాబి రేకులు రాల్చి రెండు పాటలు తగిలించటానికి? ఆ అయిదు నిమిషాల కోసం రెండేళ్ళు పట్టింది. ముహూర్తాలు లేని రోజుల్లో బాబాయ్ కెమెరా అడుక్కుని తీసినవి. షాపు కంప్యూటర్లో మా సొంతవి పెట్టనివ్వడు, పెళ్ళిళ్ళకే చోటు చాలదంటాడు. నా ఫోన్లో ఒక కాపీ ఉండేది. డిసెంబర్లో కోపమొచ్చి తీసేశాను.

అందులో మా ఊరి మిరప కల్లం ఉంది. డాబా మీద నుంచి తీశాను. ఎర్రటి నేల, దాని మధ్య కాయలు ఎగదోస్తా మా అమ్మ. దానికి నేను మాంచి డప్పుల మ్యూజిక్ పెట్టాను. షాహీన్ పక్క కుర్చీలోంచి చెయ్యి చాపి మొత్తం తీసేసింది.

"ఏమే, బుద్ధుందా?"

"ఉండు. విను" అంది.

ఎండిన కాయలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు మిగిలింది. గలగలా కాదు, గరగరా కాదు. దానికి మాట లేదు. అమ్మ ఒకసారి దగ్గుతుంది, చప్పుడు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు. షాహీన్ తీసి చూపించేదాకా నాకు వినపడలేదు.

నేను కళ్ళు, తను చెవులు. అట్టా అనుకునేవాళ్ళం. ఇద్దరం కలిసి సొంతంగా చిన్న షాపు పెట్టుకుందాం అనుకున్నాం. బోర్డు మీద ఎవరి పేరు ముందు రావాలని కూడా కొట్టుకున్నాం.

నవంబర్లో ఒక రోజు మధ్యాహ్నం, బాక్సు తెరిచి అన్నం కలుపుకుంటా, "నాకు సంబంధం కుదిరింది, మాచర్ల" అంది. ఉప్పు తక్కువైంది అన్నట్టు చెప్పింది.

ఫిబ్రవరి 14

లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

డిస్క్ విప్పే వీడియోలు యూట్యూబ్‌లో చూశాను. ఒకడు హిందీలో, ఒకడు ఇంకేదో భాషలో. భాష రాకపోయినా చేతులు చూస్తే చాలు. ఎడిటింగ్ కూడా అట్టాగే నేర్చుకున్నాను. ఈ డబ్బాకి స్క్రూలుండవు. రెండు ప్లాస్టిక్ ముక్కలు కొక్కేలతో పట్టుకుని ఉంటాయి. ఇనుప స్క్రూడ్రైవరు వాడితే లోపలిది గీసుకుపోతుంది. పాత ఏటీఎం కార్డు లాంటిది సందులో దూర్చి చుట్టూ నడిపించాలి. లోపల వెండి రంగు డబ్బా ఇంకొకటి ఉంటుంది. దాన్ని మాత్రం చచ్చినా తెరవకూడదు. దుమ్ము కణం పడినా అయిపోయినట్టే.

మా ఊరు ముప్పాళ్ళలో ఈ నెలలో దుమ్ము లేని చోటు చూపిస్తే దండం పెడతాను. అదీ మిరప దుమ్ము. అందుకని ఇంటి దగ్గర వద్దనుకున్నాను.

అమ్మ కోతల నుంచి వచ్చి మజ్జిగలో చేతులు ముంచుకుని కూచుంది. కాయలు కోసినాక ఆ మంట మజ్జిగకు తప్ప దేనికీ తగ్గదు.

"షాహీన్ ఫోన్ చేస్తందా?"

"లేదు."

"ఎందుకు చెయ్యదే? పండక్కి వచ్చినప్పుడల్లా పెద్దమ్మా పెద్దమ్మా అని నా చుట్టే తిరిగిన పిల్ల. నువ్వు చేశావా?"

"నేనెందుకు చెయ్యాలి?"

"చెయ్యబాక. ఇద్దరూ చెయ్యబాకండి. సెల్లుఫోన్లు గూట్లో పెట్టి పూజ చేసుకోండి" అంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

విప్పాను.

నిశ్చితార్థం వీడియో ఒకటి ఉందని బాబాయ్ పొద్దున్నే కారంపూడి పోయాడు. షట్టరు సగం దించాను. బల్ల తుడిచి, తెల్ల కాగితం పరిచి, ఫ్యాను ఆపాను. గడువు తీరిన నా బస్ పాస్ కార్డు సందులో దూర్చాను. కదల్లేదు. ఇంకొంచెం నొక్కాను. టక్‌మని ఒక కొక్కెం వదిలింది. ఆ చప్పుడుకు నాకు ఎందుకో ఏడుపొచ్చింది. నేను విరగ్గొట్టాననుకున్నాను. లేదు, వదిలిందంతే. ఒకటి వదిలితే మిగతావి వాటంతట అవే వచ్చాయి.

లోపల చిన్నది. నాలుగు మూలలా నల్ల రబ్బరు ముక్కలు, పసిపాప కాళ్ళకు మేజోళ్ళు తొడిగినట్టు. వెండి డబ్బా మీద ఎక్కడా సొట్ట లేదు. కింద పడిన గుర్తు లేదు. గీత లేదు. కోపంలో నేలకేసి కొట్టి ఉంటుందని కూడా అనుకున్నాను నేను. కొట్టలేదు.

డబ్బా చివర వేలెడంత పచ్చ బోర్డు ఉంది. బయటి కేబుల్ వచ్చి తగిలేది దానికే. దాని పోర్టు లోపల ఎర్రగా ఏదో ఉంది.

ముందు తుప్పు అనుకున్నాను. తర్వాత మిరప్పొడి అనుకున్నాను, నా చేతుల నుంచే పడిందేమోనని. సూదితో కొంచెం గీసి చూశాను. పైన ఎరుపు, కింద లేత పసుపు. గట్టిపడి ఉంది. వాసన చూశాను.

గంధం. దాని మీద కుంకుమ.

కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను. ఆ బొట్టు ఎప్పటిదో గుర్తొచ్చింది.

పోయిన దసరా. ప్రతి ఏడూ ఆయుధ పూజకు బాబాయ్ వాళ్ళావిడ వచ్చి కెమెరాలకూ కంప్యూటర్లకూ బొట్లు పెట్టిపోతుంది. ఆ ఏడు కూతురి పురుడికి పోయింది. నన్ను పెట్టమన్నాడు. నేను ఆ రోజు బయట చేరి ఉన్నాను. ఆ మాట చెప్పగానే బాబాయ్ సాంబ్రాణి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి ఎగిరాడు.

"ఓయమ్మో, ముట్టుకోబాక! షాహీన్, నువ్వు పెట్టమ్మా."

"నేనా బాబాయ్? నాకు రాదు."

"రాకపోయేదానికి ఏముంది? గంధం, దాని మీద కుంకుమ. ఉంగరం వేలుతో. చేతులు నీయి, భక్తి నాది."

నేను గడప అవతల నిలబడ్డాను. ఏడాది పొడుగునా ఆ కీబోర్డు మీద అన్నం మెతుకులు రాల్చినా అడ్డం రాని నేను, ఆ ఒక్క రోజు గడప దాటితే మైలంట. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట షాహీన్ మీద చూపించాను.

"నుదుట పెట్టవే! మానిటరుకి కింద పెడతావేంది? అది గడ్డం."

"దీనికి నుదురు ఇదని నాకెట్టా తెలుసు?"

"మొహం చూసి పెట్టు. దేనికైనా మొహం ఉంటది."

మౌసు రెండు బటన్ల మధ్య పెట్టింది, ముక్కు మీద పెట్టినట్టు. ప్రింటరుకి కాగితం బయటికొచ్చే చోట పెట్టింది. కెమెరా అద్దం మీదికి వేలు పోతుంటే బాబాయ్ గుండె పట్టుకున్నాడు. నాకు కోపంలో కూడా నవ్వొచ్చింది. ఆఖరికి మా హార్డ్ డిస్క్ చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అన్ని పక్కలా నున్నటి నలుపు.

"ప్రసన్నా, దీనికి మొహం యాడుంది?"

"ఏదో ఒకటి చూసి పెట్టవే తల్లీ, సాంబ్రాణి ఆరిపోతంది!"

వీపు నావైపు ఉంది. ఎక్కడ పెట్టిందో కనపడలేదు. అన్నిటికన్నా దానికే ఎక్కువసేపు పెట్టింది.

మర్నాడు నేనే కేబుల్ పెట్టాను. కొంచెం బిగుతుగా పోయింది. నొక్కి పెట్టాను. ఆ గంధాన్ని లోపలికి కూరింది నేను. తర్వాత దాని తడి లోపలి పిన్నులను మెల్లగా తినేసింది. నవంబర్లో ఒకటి రెండుసార్లు లైటు ఆరి వెలిగింది కూడా. కేబుల్ వదులైందనుకున్నాం.

వెండి డబ్బా నుంచి ఆ పచ్చ బోర్డుని లాగేశాను. డబ్బాని సరాసరి కంప్యూటర్ లోపలి కేబుల్‌కి తగిలించాను. ఈ రకంలో కొన్నిటికి అట్టా కుదరదంట, బోర్డు లేకపోతే లోపలున్నది చదవనివ్వవంట. అరచెయ్యి దాని మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను.

వణికింది.

అన్నీ ఉన్నాయి. కల్లం ఉంది. అమ్మ దగ్గు ఉంది. చివర నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో పేర్లు ఉన్నాయి. ప్రసన్న, షాహీన్. నేను టీ కొట్టుకు పోయిన రోజు తారీఖుతో ఒక ఫైలు కూడా ఉంది. తెరిచాను. అదే వీడియో. కల్లం దగ్గర వెనక కుక్క మొరుగుడు ఒకటి ఉండేది. తీసెయ్యమని నేను ఎప్పటినుంచో నస పెడుతున్నాను. తీసేసింది. అంతే. అది చేసి, డిస్క్ దుమ్ము పడకుండా డ్రాయర్లో పెట్టి పోయింది.

ఫిబ్రవరి 19

బ్లాక్ చేసింది నేనే. డిసెంబర్లో, తన పెళ్ళి రోజున, ఇంట్లో పడుకుని బ్లాక్ చేశాను. ఇన్నాళ్ళూ ఫోన్ లేదు ఫోన్ లేదు అని ఇందులో రాసుకుంటున్నాను, ఎవరో చదివి నన్ను ఓదారుస్తారన్నట్టు.

తీసేశాను.

ఫిబ్రవరి 20

చెయ్యలేదు.

ఫిబ్రవరి 21

బాబాయ్ ఆ బోర్డు చూసి పళ్ళ బ్రష్షుతో పెట్రోలు పెట్టి తోమితే మళ్ళీ పనిచేస్తుందన్నాడు. బ్రష్షు కూడా తెచ్చి ఇచ్చాడు. బల్ల మీద పెట్టుకుని కూచున్నాను. తోమలేదు. గంధం మీద సన్నటి గీతలున్నాయి, వేలి ముద్ర. సగమే ఉంది. మిగతా సగం కేబుల్ చెరిపేసింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

చేశాను. ఊరి బయట, కల్లం గట్టు మీద కూచుని చేశాను.

ఎత్తింది. మాట్లాడలేదు. తన వెనక ఏదో ఇంజను కొట్టుకుంటోంది.

"కల్లం దగ్గరున్నావా?" అంది చివరికి.

"నీకెట్టా తెలుసు?"

"వినపడతంది."

నా వెనక అమ్మావాళ్ళు కాయలు ఎగదోస్తున్నారు. నేను పట్టించుకోలేదు.

"ఎన్నిసార్లు చేశానో తెలుసా?" అంది. "ఒక్క రింగు, కట్. ఒక్క రింగు, కట్. మా ఆయన కూడా నవ్వాడు, మీ ఫ్రెండు ఫోన్‌కి తలనొప్పి వచ్చినట్టుందని."

"నువ్వు షాపు పెడదామని చెప్పి పెళ్ళి చేసుకున్నావు."

"పెళ్ళి చేసుకున్నా. పని మానేస్తానన్నానా? నీతో చెప్పానా ఆ మాట?"

లేదు. చెప్పలేదు. ఆ రోజు అన్నం బాక్సు ముందు నేనే పో అన్నాను. ఎట్టా చేద్దాం అని తను ఏదో మొదలుపెట్టింది. వినలేదు నేను.

"నువ్వు అడగలేదు ప్రసన్నా. పో అన్నావు. పొమ్మంటే పోక ఏం చెయ్యను?"

కాసేపు ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకున్నాం. తర్వాత అడిగాను.

"ఒసేయ్, మన హార్డ్ డిస్క్‌కి దసరాకి బొట్టు యాడ పెట్టావు?"

"ఎందుకు?"

"చెప్పు."

"నువ్వే గదా మొహం చూసి పెట్టమన్నావు. తిప్పి తిప్పి చూశా. కన్ను లేదు, ముక్కు లేదు. ఒక్క నోరు కనపడింది. ఆడ పెట్టా."

"నోట్లో పెట్టావే! అది ఊపిరాడక చచ్చింది!"

"యా అల్లా! నిజంగానా?" అని, నవ్వు ఆపుకోలేక, "మన వీడియో?" అంది. ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

"ఉంది. తీశా. కుక్క లేదు."

"చూశావా మరి" అంది.

"అంత కూరావేందే? వేలెడు గంధం ఉంది దాంట్లో."

"బాబాయ్ చెప్పాడు గదా, బొట్టు పెడితే వస్తువు చానాకాలం మన్నుతదని. షాపులో వస్తువులన్నీ ఆయనయి. అదొక్కటే గదా మనది. కాస్త ఎక్కువ పెట్టా."

ఫోన్ చెవికి పెట్టుకుని కాయల చప్పుడు విన్నాను. తనూ వింటోందని తెలుసు.

వాళ్ళాయన అబ్దుల్ రహీమ్‌కి మెకానిక్ షెడ్డు ఉంది. ఇంటికి ఆనుకునే. షాహీన్ వంటింట్లో కూచుని ఏ బండి ఏ జబ్బుతో వచ్చిందో చప్పుడును బట్టి చెబుతుందంట. మొదట్లో నవ్వేవాడంట. ఇప్పుడు తనే లోపలికొచ్చి, "ఇది ఏందో విను" అని పిలుస్తున్నాడంట. చెబుతుంటే గొంతులో గర్వం ఉంది. నాకు సంతోషం వేసింది. దాని వెనకే కుళ్ళు కూడా పుట్టింది. ఆ చెవులు నావి.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"చూద్దాం. రంజాన్ అయిపోనీ" అంది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

కోటప్పకొండ. తిరునాళ్ళ డ్యూటీ. మేడలంత ఎత్తు ప్రభలన్నీ లైట్లతో నిలబడ్డాయి. బాబాయ్ కెమెరాతో, నేను రికార్డరుతో. షాహీన్ వాడిన రికార్డరే. చెవులకు పెట్టుకుంటే లక్ష గొంతులు ఒకేసారి మీద పడ్డాయి. వాటిలోంచి ఏది ఏరుకోవాలో నాకు తెలియలేదు. తనైతే కళ్ళు మూసుకుని వేలు చూపించేది, అదిగో అని.

ఫిబ్రవరి 27

అయిదు నిమిషాలు విజయవాడకు పంపాను. నా పేరు ఒక్కటే ఉంచితే మంచిదని బాబాయ్ అన్నాడు. ఇంటర్వ్యూలో లేనిపోని ప్రశ్నలొస్తాయంట. రానీ. రెండు పేర్లూ ఉంచాను. షాహీన్ పేరు ముందుకు జరిపాను.

మార్చి 3

నిన్న డిస్క్‌ని కొత్త కేసులో బిగించాను. పాత బోర్డు సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. పొద్దున లేచి చూస్తే సంచీలో లేదు. ఇల్లంతా వెతికాను. అరిచాను.

"ఎందుకే ఆ గావుకేకలు? గూట్లో ఉంది పో" అంది అమ్మ.

దేవుడి గూట్లో, పటాల ముందు, దీపం పక్కన పెట్టింది ఆ పచ్చ బోర్డుని.

"అది దేవుడిది కాదమ్మా! హార్డ్ డిస్క్‌ది!"

"ఎవురిదైతే ఏంది? గంధం కుంకుమ పెట్టుంది. కిందా మీదా పడేస్తారా బొట్టున్న వస్తువుని? కళ్ళు పోతాయి."

"అది షాహీన్ పెట్టిన బొట్టు."

అమ్మ దీపం వత్తి సర్దుతా ఆగింది. "మంచిదేగా" అంది. "ఆ పిల్ల చెయ్యి చల్లని చెయ్యి" అని బోర్డుని ఇంకొంచెం లోపలికి జరిపింది, పడిపోకుండా.

నేను ఈ రోజు కూడా బయటే ఉన్నాను. అమ్మకు చెప్పలేదు. స్నానం చేసి గూటి ముందు నిలబడి చాలాసేపు చూశాను. చెయ్యి చాపి ఒకసారి ముట్టుకున్నాను.

మార్చి 8, శనివారం

విజయవాడ నుంచి జవాబు వచ్చింది. నచ్చిందంట. మిరపకాయల దగ్గర చప్పుడు ఎవరు చేశారు అని అడిగారు. "మీరిద్దరూ కలిసే పనిచేస్తారా? ఇద్దరూ వస్తారా?" అని అడిగారు.

షాహీన్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. తన వెనక ఇంజను లేదు. వాళ్ళాయన ఆపేశాడనుకుంటాను.

"నువ్వు పో" అంది. నేను నవంబర్లో అన్నట్టు కాదు. ఆ మాటను అట్టా కూడా అనొచ్చని నాకు తెలియదు.

"నువ్వు?"

"చప్పుళ్ళు ఈడికి పంపించు. వింటా" అంది. తర్వాత, "కుర్చీ మాత్రం ఎవురికీ ఇవ్వబాక" అంది.

విజయవాడకు ఇట్టా రాసి పంపాను: వస్తాను. ముందు ఒక్కదాన్నే వస్తాను. కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వెయ్యండి. రెండో దాని మీద సంచులు పెట్టొద్దు.